ప్రశ్న ఏ వైపు నుంచి వస్తుందో ముందే తెలుసుకోవడం

లాజిక్ ప్రోగ్రామింగ్ కంపైలర్లలో స్థిర విశ్లేషణ: రాధియా కూజో స్మృతికి అంకితమైన ఉపన్యాసానికి ముద్రిత పాఠం, నాగల్‌గిద్ద

1992లో ‘జర్నల్ ఆఫ్ లాజిక్ ప్రోగ్రామింగ్’ అనే పరిశోధన పత్రికలో పాట్రిక్ కూజో, రాధియా కూజో దంపతులు కలిసి రాసిన ఒక దీర్ఘ వ్యాసం వెలువడింది. నైరూప్య వ్యాఖ్యానం అనే పద్ధతిని లాజిక్ ప్రోగ్రాములకు ఎలా వర్తింపజేయాలో వివరించిన ఆ వ్యాసం వచ్చేనాటికి ఆ పద్ధతి పుట్టి పదిహేనేళ్లయింది. ఆ మధ్యకాలంలో లాజిక్ ప్రోగ్రామింగ్ కంపైలర్లను నిర్మించేవారు దానిని ఎవరికి తోచినట్టు వారు వాడుకుంటూ, కొన్నిచోట్ల పొరబడుతూ, మరికొన్నిచోట్ల కొత్త దారులు వేస్తూ వచ్చారు. అలా వాడుకలో చెల్లాచెదురుగా పెరిగిన విద్యను దాని మూల సూత్రాలతో మళ్లీ కలిపి చూపించడం ఆ వ్యాసం చేసిన మేలు.

రాధియా కూజో 1947 ఆగస్టు 6న, అల్జీరియా సరిహద్దును ఆనుకుని ఉన్న ట్యునీషియా పల్లె సాకియెత్ సీదీ యూసెఫ్‌లో జన్మించారు. 1958 ఫిబ్రవరి 8న ఫ్రెంచి వైమానిక దళం ఆ ఊరిమీద బాంబులు వేసినప్పుడు బడిపిల్లలు ఎందరో మరణించగా, ఆమె ప్రాణాలతో బయటపడ్డారు. సూస్‌లోనూ అల్జీర్స్‌లోనూ చదువుకుని ఫ్రాన్సుకు వెళ్లిన ఆమె, గ్రెనోబుల్‌లో పాట్రిక్ కూజోతో కలిసి పనిచేస్తూ 1977లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ప్రోగ్రామింగ్ భాషల సదస్సులో నైరూప్య వ్యాఖ్యానాన్ని ప్రతిపాదించిన వ్యాసాన్ని సమర్పించారు. 2014 మే 1న న్యూయార్కులో కన్నుమూశారు. విమానాల నియంత్రణ సాఫ్ట్‌వేరులో నడిచే సమయపు దోషాలు లేవని నిరూపించిన ఆస్ట్రే అనే విశ్లేషకం వల్ల ఆమె పేరు ఎక్కువమందికి తెలిసింది. 2003లో అది ఎయిర్‌బస్ ఏ340 విమానపు ప్రధాన నియంత్రణ ప్రోగ్రామును, అంటే సి భాషలో ఉన్న 1,32,000 పంక్తులను, పరిశీలించింది. ఆ విజయపు వెలుగులో ఆమె లాజిక్ ప్రోగ్రాముల మీద చేసిన కృషి కొంత మరుగున పడింది కాబట్టే ఈ ఉపన్యాసం దానినే విషయంగా తీసుకుంటున్నది.

లాజిక్ ప్రోగ్రామింగ్ అంటే ఏమిటో ఈ ప్రాంతపు భూగోళంతోనే చెప్పవచ్చు. నాగల్‌గిద్ద నేరుగా నారాయణఖేడ్ డివిజనులో ఉన్నది. నారాయణఖేడ్ నేరుగా సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. కంది మండలం కూడా రెవెన్యూ డివిజను మెట్టును పక్కన పెడితే సంగారెడ్డి జిల్లాలోదే. సంగారెడ్డి తెలంగాణలో ఉన్నది. వీటిని ‘నేరుగా’ అనే సంబంధానికి చెందిన యథార్థాలుగా రాసి, వాటికి రెండు నియమాలు చేరిస్తే ప్రోగ్రాము పూర్తవుతుంది. క నేరుగా ఖలో ఉంటే క ఖలో ఉన్నట్టే అన్నది మొదటి నియమం. క నేరుగా గలో ఉండి, గ ఖలో ఉంటే క ఖలో ఉన్నట్టే అన్నది రెండోది. ఇక్కడ క, ఖ, గ అనేవి చలరాశులు. ప్రోలాగ్ భాష చలరాశిని పెద్ద అక్షరంతో గుర్తిస్తుంది, తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు లేవు గనుక ఒంటి హల్లులతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఈ ప్రోగ్రాములో ‘ఎలా’ అన్న మాట ఎక్కడా లేదు, ‘ఏమిటి’ మాత్రమే ఉన్నది. అందువల్ల ఒకే ప్రోగ్రామును నాగల్‌గిద్ద దేనిలో ఉన్నదని అడగవచ్చు, సంగారెడ్డిలో ఏమేమి ఉన్నాయని అడగవచ్చు, కంది తెలంగాణలో ఉన్నదా అని అడగవచ్చు, ఏవీ చెప్పకుండా దేనిలో ఏముందో అన్ని జంటలనూ ఇమ్మని కూడా అడగవచ్చు. 1972లో మార్సే నగరంలో ఆలెన్ కోల్మెరాయర్, ఫిలిప్ రూసెల్ రూపొందించిన ప్రోలాగ్‌కూ, దానికి తర్కశాస్త్ర పునాదిని స్పష్టం చేసిన రాబర్ట్ కొవాల్స్కీ ఆలోచనలకూ ఉన్న ఆకర్షణ చాలావరకు ఈ ఔదార్యంలోనే ఉన్నది.

అయితే ఈ ఔదార్యానికి ఖరీదు ఎవరో ఒకరు చెల్లించాలి. సంబంధంలోని ఏ స్థానంలో విలువ వస్తుందో, ఏ స్థానం ఖాళీగా వస్తుందో తెలియని యంత్రం ప్రతి పిలుపులోనూ అన్ని అవకాశాలకూ సిద్ధపడి ఉండాలి. చలరాశి, సంఖ్య, నిర్మాణం వంటి రెండు పదాలను ఒకటిగా చేసే ప్రక్రియను ఏకీకరణ అంటారు. అది మొదలుపెట్టే ముందు యంత్రం ఇచ్చిన చలరాశి మరో చలరాశిని, అది ఇంకో చలరాశిని చూపుతున్నదేమోనని ఆ గొలుసు చివరిదాకా వెళ్లాలి. చివర దొరికినది ఖాళీయా, సంఖ్యా, నిర్మాణమా అని చూడాలి. ఖాళీ అయితే విలువను నింపి, తర్వాత ఆ దారి తప్పని తేలితే చెరిపివేయడానికి వీలుగా ఆ సంగతిని ట్రెయిల్ అనే పట్టీలో నమోదు చేయాలి. నిర్మాణమైతే లోపలి అంగాలన్నిటికీ ఇదే తంతు మళ్లీ నడపాలి. దీనికి తోడు ఒక ప్రశ్నకు ఒకటికి మించిన నియమాలు వర్తించేటట్టుంటే, వెనుదిరిగి రావడానికి అప్పటి స్థితినంతా ఎంపిక బిందువుగా దాచిపెట్టాలి. సి భాషలో ఒక్క యంత్రాదేశంతో పూర్తయ్యే విలువ నింపడమనే పని ఇక్కడ పదుల ఆదేశాలుగా సాగడానికి కారణం ఇదే.

ఆ ఖరీదును ప్రోగ్రాము రాసేవారి చేత కట్టించడం మొదటి పరిష్కారం. 1977లో ఎడిన్‌బరోలో డెక్-10 యంత్రం కోసం డేవిడ్ హెచ్. డి. వారెన్ తదితరులు రూపొందించిన ప్రోలాగ్ కంపైలరులో మోడ్ ప్రకటన అనే సౌకర్యం ఉండేది: ఫలానా స్థానంలో ఎప్పుడూ విలువే వస్తుందని కూడిక గుర్తుతో, ఎప్పుడూ ఖాళీ చలరాశే వస్తుందని తీసివేత గుర్తుతో, ఏదైనా రావచ్చని ప్రశ్నార్థకంతో రాసేవారు. ప్రకటన ఉన్నచోట కంపైలరు అనవసరమైన శాఖలను కొట్టివేసి చిన్న సంకేతాన్ని ఉత్పత్తి చేసేది. ఆ వారెనే 1983లో ప్రతిపాదించిన నైరూప్య యంత్రం తర్వాతి ప్రోలాగ్ వ్యవస్థలలో అత్యధిక భాగానికి మూసగా నిలిచింది. మోడ్ విశ్లేషణ చరిత్రలో డేవిడ్ ఎస్. వారెన్ అనే మరొక పరిశోధకుడు కూడా కనిపిస్తాడు. ఇద్దరి పేర్లూ, రంగమూ ఒకటే కావడం వల్ల తికమక పడని విద్యార్థి అరుదు.

ప్రకటనలలో ఉన్న చిక్కు వేగానికి సంబంధించినది కాదు, నమ్మకానికి సంబంధించినది. ‘ఈ స్థానం ఎప్పుడూ ఖాళీయే’ అని రాసినవారు పొరబడితే, కంపైలరు ఆ మాటనే నమ్మి సంకేతం తయారుచేస్తుంది, ప్రోగ్రాము ఫిర్యాదు లేకుండా నడుస్తుంది, జవాబు తప్పుగా వస్తుంది. తర్కాన్నే ప్రోగ్రాముగా రాయవచ్చునని ప్రకటించుకున్న భాషలో తర్కానికి విరుద్ధమైన జవాబు నిశ్శబ్దంగా వెలువడడం చిన్న లోపం కాదు. 1981లో క్రిస్టఫర్ మెలిష్ మోడ్ ప్రకటనలను యంత్రమే స్వయంగా తయారుచేసే పద్ధతిని ప్రతిపాదించినప్పుడు దానిని ఎక్కువమంది వేగం పెంచే ఉపాయంగా చూశారు గాని, మనిషి సాక్ష్యాన్ని నమ్మే స్థానంలో ప్రోగ్రామునే సాక్షిగా నిలబెట్టడం అందులోని అసలు ముందడుగు అని ఇప్పుడు వెనక్కి చూస్తే స్పష్టమవుతుంది.

ప్రోగ్రామును నడపకుండానే, దాని పాఠం ఆధారంగా, అది నడిచినప్పుడు ఎల్లప్పుడూ నిలిచే ధర్మాలను కనుగొనడాన్ని స్థిర విశ్లేషణ అంటారు. ఏ ప్రోగ్రాముకైనా ఏ ధర్మానికైనా ఖచ్చితమైన జవాబు చెప్పే యంత్రం అసాధ్యమని గణన సిద్ధాంతం నిరూపించింది. అందువల్ల విశ్లేషకం అవును, కాదు అనే రెండు జవాబులతో పాటు తెలియదు అనే మూడో జవాబునూ ఉంచుకోవాలి. నైరూప్య వ్యాఖ్యానం ఈ మూడో జవాబుకు గణితపరమైన మర్యాదను కల్పించింది. అసలు విలువల స్థానంలో వాటి గుణాలను మాత్రమే ఉంచి ప్రోగ్రామును నడపడం దాని మూలసూత్రం. ధన సంఖ్యను రుణ సంఖ్యతో గుణిస్తే రుణ సంఖ్య వస్తుందని చెప్పడానికి సంఖ్యలేవో తెలియనక్కరలేదు. అదే వాటిని కూడితే ఫలితం ఏ వైపుకు తూగుతుందో గుర్తులను బట్టి చెప్పలేము, అక్కడ ‘ఏదైనా కావచ్చు’ అని ఒప్పుకోవలసిందే. ఇలా ఒప్పుకునే ప్రతిచోటా నిజమైన అవకాశాలన్నీ ఆ జవాబులో ఇమిడి ఉండేలా చూసుకోవడమే విశ్లేషకం పాటించవలసిన నిజాయితీ. అది అవకాశాలను ఎక్కువగా ఊహించవచ్చు, తక్కువగా ఊహించకూడదు.

లాజిక్ ప్రోగ్రాములలో అత్యంత ఉపయోగకరమైన గుణం గ్రౌండ్ కావడం. ఒక పదం లోపల ఎక్కడా ఖాళీ చలరాశి మిగలకపోతే దానిని గ్రౌండ్ అయిన పదం అంటారు. ఈ గుణాన్ని కనుగొనడం ఎలాగో చూడడానికి పాఠ్యపుస్తకాలన్నిటిలోనూ కనిపించే జాబితాల కలయికనే తీసుకోవచ్చు. పాతదే అయినా ఇంతకన్నా పొందికైన ఉదాహరణ దొరకడం కష్టం. కలుపు అనే సంబంధానికి మూడు స్థానాలున్నాయి: క అనే జాబితా వెనుక ఖ అనే జాబితాను చేరిస్తే గ అనే జాబితా వస్తుంది. మొదటి నియమం ప్రకారం క ఖాళీ జాబితా అయితే ఖ, గ ఒకటే. రెండో నియమం ప్రకారం క అనే జాబితాకు త తలగా, శ శేషంగా ఉంటే, గ అనే జాబితాకు అదే త తలగా, మ శేషంగా ఉంటుంది. శ, ఖ, మ అనేవి తిరిగి కలుపు సంబంధంలోనే ఉంటాయి.

ఇప్పుడు జాబితాలను మరచిపోయి, ప్రతి అక్షరాన్నీ ‘ఇది గ్రౌండ్ అయింది’ అనే వాక్యంగా మాత్రమే చదవాలి. ఖాళీ జాబితాలో చలరాశులు లేవు కాబట్టి మొదటి నియమం క నిజమనీ, ఖ, గ రెండూ నిజమో రెండూ అబద్ధమో అవుతాయనీ చెబుతుంది. రెండో నియమంలో త, శ రెండూ నిజమైనప్పుడే క నిజం, త, మ రెండూ నిజమైనప్పుడే గ నిజం. విశ్లేషకం ఏ జవాబూ రాదన్న భావనతో మొదలుపెడుతుంది. మొదటి విడతలో మొదటి నియమం ఇచ్చిన సూత్రమే దాని చేతిలో ఉంటుంది. రెండో విడతలో ఆ సూత్రాన్ని శ, ఖ, మలకు అన్వయిస్తే శ నిజమని, ఖ, మ సమానమని తేలుతుంది. అప్పుడు క, త సమానం కావడంతో గ నిజం కావడమూ, క, ఖ రెండూ నిజం కావడమూ ఒకటే అన్న సూత్రం వస్తుంది. మొదటి విడత సూత్రం దీనిలో ఇమిడిపోతుంది. మూడో విడతలో మళ్లీ అన్వయిస్తే అదే సూత్రం తిరిగి వస్తుంది, కొత్తదేమీ పుట్టదు. ఇలా ఇంక మారని చోటును స్థిర బిందువు అంటారు.

ఈ చిన్న సూత్రంలో ఉన్న సమాచారం కంపైలరుకు పెన్నిధి. గ గ్రౌండ్ అని తెలిసి పిలిస్తే, పని పూర్తయ్యేసరికి క, ఖ రెండూ గ్రౌండ్ అవుతాయి. క, ఖ గ్రౌండ్ అయితే గ కూడా అవుతుంది. క ఒక్కటే గ్రౌండ్ అయితే ఆ తర్వాత ఖ నిండినప్పుడే గ నిండుతుంది. లెక్కలేనన్ని జాబితాల గురించి అన్ని దిక్కులలోనూ నిలిచే మాటను మూడు విడతల లెక్క చెప్పగలిగింది. లెక్క ఎప్పటికైనా ఆగుతుందన్న హామీ కూడా ఇక్కడ సులభంగానే దొరుకుతుంది. మూడు వాక్యాల నిజానిజాలకు 8 కలయికలుంటాయి, ప్రతి విడతలోనూ కనీసం ఒక కొత్త కలయిక చేరితేనే లెక్క ముందుకు సాగుతుంది, కాబట్టి 8 విడతలకు మించదు. సూత్రాల సంఖ్య మాత్రం భయపెట్టేదే: మూడు స్థానాలకు 256, నాలుగింటికి 65,536, ఐదింటికి 429 కోట్లకు పైగా. వీటిని పట్టికలుగా రాసుకోకుండా, 1986 తర్వాత ప్రాచుర్యంలోకి వచ్చిన నిర్ణయ రేఖాచిత్రాలలో కుదించి దాచుకోవడం వల్లనే ఆచరణలో ఇది భరించగలిగినంత వేగంగా నడిచింది.

గ్రౌండ్ గుణంతోనే కథ ముగిసి ఉంటే ఈ రంగం ఇంత లోతుగా పెరిగేది కాదు. క, ఖ అనే రెండు ఖాళీ చలరాశులను ఒక ప్రోగ్రాము మొదట ఒకటిగా చేసి, ఆ తర్వాత కకు 5 అనే విలువ ఇచ్చి, పిమ్మట ఖను మరొక సంబంధానికి పంపిందనుకుంటే, పాఠంలో ఖను తాకిన దాఖలా లేకపోయినా అప్పటికి దానిలో 5 ఉన్నది. ఖ ఇంకా ఖాళీయేనని విశ్లేషకం తేల్చిందంటే, కంపైలరు పరీక్ష లేకుండా నేరుగా విలువ నింపే ఆదేశం రాస్తుంది, 5 చెరిగిపోతుంది. చలరాశులు ఇలా ఒకే గదిని పంచుకోవడాన్ని పట్టించుకోని తొలి మోడ్ విశ్లేషణలు తప్పు ఫలితాలు ఇవ్వగలవని సౌమ్య దేబ్రే, డేవిడ్ ఎస్. వారెన్ 1980ల రెండో అర్ధంలో గుర్తించి, ఆ లోపం లేని పద్ధతిని న్యూయార్కు రాష్ట్ర విశ్వవిద్యాలయపు స్టోనీ బ్రూక్ ప్రాంగణంలో రూపొందించారు. మనిషి సాక్ష్యాన్ని పక్కన పెట్టి తెచ్చుకున్న యంత్ర సాక్ష్యం కూడా, దాని వెనుక నిరూపణ లేకపోతే, అంతే అబద్ధం చెప్పగలదన్నది అప్పుడు తేలిన సంగతి. నీల్ జోన్స్, హరాల్డ్ సొండర్‌గార్డ్, మోరిస్ బ్రూయ్‌నోగె వంటివారు ఆ దశాబ్దంలోనే నైరూప్య వ్యాఖ్యానాన్ని ఆధారంగా చేసుకుని సాధారణ చట్రాలను నిర్మించడానికి ప్రేరణ ఇటువంటి అనుభవాల నుంచే వచ్చింది.

పంచుకోవడాన్ని లెక్కించే విద్య మరో దిక్కున కూడా ఫలించింది. నియమంలో తేల్చవలసిన ఉపప్రశ్నలను లక్ష్యాలంటారు; రెండు లక్ష్యాలు ఖాళీ చలరాశిని పంచుకోకపోతే వాటిని రెండు ప్రాసెసర్ల మీద ఒకేసారి నడిపినా జవాబు మారదు, పని పెరగదు. కల్యాణ్ ముత్తుకుమార్, మాన్యుయెల్ ఎర్మెనెహిల్డో 1989 నుంచి ప్రచురించిన వ్యాసాలు ఈ స్వాతంత్ర్యాన్ని కంపైలరే గుర్తించి, ప్రోగ్రామును తనంతట తాను సమాంతరంగా విడదీసే దారిని చూపించాయి. పని మరీ చిన్నదైతే దానిని వేరే ప్రాసెసరుకు పంపే శ్రమే ఎక్కువవుతుంది గనుక, పని పరిమాణాన్ని కూడా ముందుగా అంచనా వేసే విశ్లేషణను 1990లో దేబ్రే, లిన్, ఎర్మెనెహిల్డో ప్రతిపాదించారు.

ఎంపిక బిందువుల సంగతికి పైన చెప్పిన భూగోళపు ఉదాహరణే చాలు. ప్రతి స్థలానికీ దానిపైన నేరుగా ఉన్నది ఒక్కటే. మొదటి స్థానం ఎప్పుడూ నిండి వస్తుందని తేలితే, మొదటి స్థానపు సూచిక ఆధారంగా ఒక్క యథార్థమే ఎంపికవుతుంది, వెనుదిరగడానికి ఏదీ దాచనక్కరలేదు. ప్రశ్న రెండో స్థానం నుంచి వస్తే సంగారెడ్డి కింద నారాయణఖేడ్, కంది రెండూ ఉన్నాయి కాబట్టి ఎంపిక బిందువు తప్పదు.

ఇంత శ్రమకూ దక్కిన వేగమెంత అన్న ప్రశ్నకు ప్రసిద్ధమైన సమాధానం పీటర్ వాన్ రాయ్ 1990లో బర్క్‌లీలో సమర్పించిన సిద్ధాంత గ్రంథం. లాజిక్ ప్రోగ్రామింగ్ సంప్రదాయ భాషలంత వేగంగా నడవగలదా అన్న ప్రశ్ననే అది శీర్షికగా పెట్టుకున్నది. ఆయన నిర్మించిన అక్వేరియస్ కంపైలరు, సిడ్నీలో ఆండ్రూ టేలర్ నిర్మించిన పార్మా కంపైలరు కొన్ని చిన్న పరీక్షా ప్రోగ్రాముల మీద సి భాషతో పోల్చదగిన వేగాన్ని చూపించాయి. చిన్న ప్రోగ్రాములన్న మాటను ఇక్కడ మింగివేయకూడదు. పెద్ద ప్రోగ్రాములలో పిలుపుల దారులు పెరిగేకొద్దీ ‘తెలియదు’ అన్న జవాబులూ పెరుగుతాయి, లాభమూ తగ్గుతుంది.

ఇక్కడినుంచి దారి రెండుగా చీలింది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో జోల్తాన్ సొమోగి, ఫెర్గస్ హెండర్సన్, థామస్ కాన్వే 1990ల మధ్యలో రూపొందించిన మెర్క్యురీ భాష మోడ్‌ను, రకాన్ని, జవాబుల సంఖ్యను ప్రోగ్రాము రాసేవారే ప్రకటించాలని కోరింది. అయితే పాత ఎడిన్‌బరో కంపైలరులా నమ్మి ఊరుకోక, ప్రతి ప్రకటననూ విశ్లేషణతో సరిచూసి, పొసగకపోతే ప్రోగ్రామును తిరస్కరించింది. మాడ్రిడ్‌లో ఎర్మెనెహిల్డో బృందం అభివృద్ధి చేసిన సియావో వ్యవస్థ, ప్రోగ్రామరు రాసిన ప్రకటనను పరిశీలించవలసిన వాదంగా తీసుకుంటుంది: నిరూపించగలిగితే ఆమోదించి, తప్పని తేలితే దోషం చూపించి, ఏదీ తేలకపోతే ఆ ఒక్క పరీక్షను ప్రోగ్రాము నడిచే సమయానికి వాయిదా వేస్తుంది. మెర్క్యురీ దారి కంపైలరుకు సుఖం, వేగం కూడా ఎక్కువ. కానీ ఒకే సంబంధాన్ని అన్ని వైపుల నుంచీ అడిగే స్వేచ్ఛ అక్కడ ముందుగా ప్రకటించిన వైపులకు కుదించుకుపోతుంది. తెలియదన్న జవాబును ప్రోగ్రామరు మీద నేరంగా మోపకుండా, దానికి వ్యవస్థలోనే ఒక గౌరవనీయమైన చోటు ఇచ్చిన సియావో మార్గమే కూజో దంపతుల 1977 నాటి ఆలోచనకు దగ్గరగా ఉన్నదని చెప్పడం న్యాయం.

వైపు తెలిసిన లాజిక్ ప్రోగ్రాము ప్రమేయాల ప్రోగ్రాముకు ఎంత దగ్గరవుతుందో ఉదయ్ రెడ్డి 1984లోనే చూపించారు. అప్పటికి అమెరికాలో పరిశోధన చేస్తూ, తర్వాత ఇల్లినాయ్, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయాలలో ఆచార్యత్వం వహించిన ఆయన, స్థానాల దిశ నిర్ణయమైన లాజిక్ ప్రోగ్రాములను ప్రమేయాల భాషలోకి మార్చే పద్ధతిని ఆ ఏటి లాజిక్ ప్రోగ్రామింగ్ సదస్సుకు సమర్పించారు. దీనికి సోదర ప్రాయమైన కృషి బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థతో ముడిపడి ఉన్నది. ఎం. ఆర్. కె. కృష్ణారావు, దీపక్ కపూర్, ఆర్. కె. శ్యామసుందర్ 1990లలో మోడ్ తెలిసిన లాజిక్ ప్రోగ్రామును పదాలను తిరగరాసే నియమాలుగా మార్చి, ఆ నియమాలు ఆగుతాయని నిరూపించడం ద్వారా మూల ప్రోగ్రాము కూడా ఆగుతుందని నిరూపించే మార్గాన్ని అభివృద్ధి చేశారు. కలుపు సంబంధం కూడా క ఇస్తే ఆగుతుంది, క, గ రెండూ ఇవ్వకపోతే జవాబులు ఇస్తూనే పోతుంది. కాబట్టి ఆగుతుందా అన్న ప్రశ్నకు వైపు తెలియకుండా అర్థమే లేదు. ఇంత పని జరిగిన దేశంలో అంతర్జాతీయ లాజిక్ ప్రోగ్రామింగ్ సదస్సు 2003 డిసెంబరులో ముంబైలో జరిగిందన్న సంగతి ఇక్కడి కంప్యూటరు విద్యార్థులలో చాలామందికి తెలియదు.

వాడుకలో ఉన్న ప్రోలాగ్ వ్యవస్థలు ఈ విశ్లేషణలను ఆశించినంతగా ఎందుకు ఇముడ్చుకోలేదన్న ప్రశ్నకు కారణం భాషలోనే ఉన్నది. ప్రోలాగ్ ప్రోగ్రాము నడుస్తూ నడుస్తూ తన యథార్థాలను తానే చేర్చగలదు, తొలగించగలదు. ఒక పదాన్ని అప్పటికప్పుడు నిర్మించి దానినే లక్ష్యంగా పిలవగలదు. 2016 అక్టోబరు 11 నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణ వరకు నారాయణఖేడ్ ప్రాంతం మెదక్ జిల్లాలో ఉండేది, నాగల్‌గిద్ద మనూరు మండలంలోని ఊరు. ఆ మార్పును ప్రోగ్రాము నడుస్తుండగానే కొత్త యథార్థాలను చేర్చి, పాతవి తొలగించి చేస్తే, ప్రతి స్థలానికీ పైన ఒక్కటే ఉంటుందన్న లెక్క మీద తయారైన సంకేతం, పాతది తొలగకముందే కొత్తది చేరిన క్షణంలో, నారాయణఖేడ్‌కు ఉన్న రెండు జవాబులలో ఒకదానిని దాటవేస్తుంది. విశ్లేషకం నిజాయితీగా ఉండాలంటే మారే సంబంధాలన్నిటికీ ‘ఏదైనా కావచ్చు’ అని రాసుకోవాలి. ఆ ఒక్క ‘కావచ్చు’ పిలుపుల వెంట పాకి సగం ప్రోగ్రామును కప్పివేస్తుంది. ఏ సంబంధాలు మారతాయో, బయటి ప్రపంచం ఏ ద్వారాల గుండా ప్రవేశిస్తుందో మాడ్యూలు స్థాయిలో ప్రకటించమని కోరడమే దీనికి దొరికిన మేలైన విరుగుడు. 1996లో బ్యూనో, కబేసా, ఎర్మెనెహిల్డో, ప్యూబ్లా ప్రామాణిక ప్రోలాగ్ మొత్తాన్నీ విశ్లేషించే తీరును ప్రచురించినప్పుడు ఈ చిల్లర చిక్కులే వ్యాసంలో ప్రధాన స్థానం ఆక్రమించాయి. సిద్ధాంతం కన్నా ఇటువంటి వ్యాసాలు రాయడానికే ఎక్కువ ఓర్పు కావాలి.

ఈలోగా లాజిక్ ప్రోగ్రాములకూ వాటి విశ్లేషణకూ ఉన్న సంబంధం తలకిందులైంది. కలుపు సంబంధానికి పైన కట్టిన గ్రౌండ్ సూత్రాలు తామే రెండు నియమాల లాజిక్ ప్రోగ్రాము. వచ్చిన జవాబులను పట్టికలో దాచుకుని, తిరిగి అదే ప్రశ్న వస్తే లెక్కించకుండా చూసి చెప్పే వ్యవస్థకు వాటిని అప్పగిస్తే స్థిర బిందువు దానంతటదే వస్తుంది. డాసన్, సి. ఆర్. రామకృష్ణన్, డేవిడ్ ఎస్. వారెన్ స్టోనీ బ్రూక్‌లో తయారైన ఎక్స్‌ఎస్‌బీ వ్యవస్థ మీద 1996లో ఇదే ప్రయోగం చేసి, ప్రత్యేకంగా నిర్మించిన విశ్లేషకాలతో పోటీపడగలదని చూపించారు. దేబ్రే, రఘు రామకృష్ణన్ 1994లో డేటాబేసు ప్రశ్నల కోసం పుట్టిన మ్యాజిక్ పరివర్తనను విశ్లేషణకు తెచ్చారు. దానితో ‘ఈ సంబంధాన్ని ఏ వైపు నుంచి పిలుస్తారు’ అన్నది కూడా ప్రోగ్రాములో ఒక మామూలు నియమంగా మారింది. 2004లో స్టాన్‌ఫర్డ్‌లో వేలీ, లామ్ జావా ప్రోగ్రాములలోని సూచికలు దేనిని చూపుతాయో లెక్కించడానికి ప్రోలాగ్‌కు చెల్లెలైన డేటాలాగ్‌ను వాడారు. లాజిక్ భాషలను వేగంగా నడపడానికి మొదలైన విద్య ఇలా ఇతర భాషలను విశ్లేషించే పనిముట్టుగా మారింది, ఆ పనిముట్టు వేగమూ మళ్లీ దాని కంపైలరు చేతిలోనే ఉన్నది.

ఈ జిల్లాలోనే కంప్యూటరు భాషల కంపైలర్లను పరిశోధించే కేంద్రమొకటి ఉన్నది. 2008లో మొదలై, తొలుత ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో నడిచి, తర్వాత కంది ప్రాంగణానికి మారిన ఐఐటీ హైదరాబాద్‌లో ఉపద్రష్ట రామకృష్ణ బృందం బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన వై. ఎన్. శ్రీకాంత్‌తో కలిసి 2020లో ఐఆర్‌టువెక్ అనే పద్ధతిని ప్రచురించింది. ఎల్‌ఎల్‌వీఎం కంపైలరు లోపలి మధ్యస్థ సంకేతాన్ని అది సంఖ్యల వరుసలుగా మార్చి, ఏ సవరణ లాభిస్తుందో యంత్రాభ్యసనం ద్వారా ఊహించడానికి అందిస్తుంది. అది లాజిక్ ప్రోగ్రామింగ్ కాదు, కానీ ఈ ఉపన్యాస విషయానికి దూరమూ కాదు. లాభమేదో ఊహించడం వేరు, సవరణ చేసినా అర్థం మారదని నిరూపించడం వేరు; మొదటిదానిలో పొరపాటు జరిగితే ప్రోగ్రాము నెమ్మదిస్తుంది, రెండోదానిలో జరిగితే అబద్ధం చెబుతుంది. ఆ సంఖ్యల వరుసలను కట్టేటప్పుడు కూడా ఏ నిర్వచనం ఎక్కడి వాడుకను చేరుతుందో, ఏ చలరాశి ఇంకా అవసరమో చెప్పే పాత స్థిర విశ్లేషణల ఫలితాలనే ఆ పద్ధతి ముందుగా తీసుకుంటుంది.